గీసిందా, తీసిందా? ఫొటోలను పెయింటింగులుగా మార్చే సాఫ్ట్‌వేర్లతో పన్నెండేళ్లు

2013లో సత్యనారాయణపురంలో జరిగిన ఒక పెళ్లికి ఆల్బమ్ చేస్తూ, తలంబ్రాల ఫొటోకి మొదటిసారి పెయింటింగ్ ఫిల్టర్ వేశాను. స్క్రీన్ మీద చూసి నాకు నేనే మురిసిపోయాను. పట్టుచీర మడతలు కుంచెతో లాగినట్టు వచ్చాయి, వెనకాల డెకరేషన్ దీపాలు వెన్నలా కరిగాయి. ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను. పెళ్లికూతురి అమ్మమ్మగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "బాగుందమ్మాయ్, కానీ వీళ్లిద్దరూ చేతులెత్తి ఏం చేస్తున్నారు?" అని అడిగారు. అప్పుడు చూశాను, తలంబ్రాలు లేవు. గాల్లో ఉన్న గింజలన్నిటినీ ఫిల్టర్ మింగేసింది. ఇద్దరూ ఖాళీ దోసిళ్లు ఒకరి నెత్తిన ఒకరు పెట్టుకుని నవ్వుతున్నారు. ప్రింటుకి పంపేముందు పెద్దది చేసి చూసుకోకపోవడం నా తప్పే.

నేను చేసేది పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్. విజయవాడ గవర్నర్‌పేటలో రెండు స్టూడియోలు, ఏలూరు రోడ్డులో ఒకటి నాకు పని పంపుతాయి. ఇంట్లో ముందుగదిలోనే సిస్టమ్. నెలకి పది పన్నెండు ఫొటోలైనా "పెయింటింగ్‌లా చేసివ్వండి" అని వస్తాయి. పెళ్లి స్వాగతం బోర్డు, షష్టిపూర్తి ఫ్రేము, కొత్త ఇంటి హాల్లోకి ప్రకాశం బ్యారేజీ బొమ్మ, పోయినవాళ్ల ఫొటో. ఫొటోషాప్, గింప్, క్రిటా, నాలుగైదు ఫోన్ యాప్‌లు, అన్నీ వాడాను. ఇంతకాలం వాడాక నాకు అర్థమైంది ఒక్కటే. ఫిల్టర్ చిన్నవాటిని తీసేస్తుంది, ఇంటివాళ్లు వెతికేదేమో ఆ చిన్నవాటినే. ముక్కుపుడక, బాసికం, జడలో మల్లెలు, తాతగారి జేబులో పెన్ను. ఈ ఇద్దరి మధ్య తగువు తీర్చడమే నా పని.

అందరూ ముందు అడిగేది ఫొటోషాప్‌లోని ఆయిల్ పెయింట్ గురించే. మొదట్లో అది విడిగా వేసుకునే ప్లగిన్. 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్‌లో మెనూలోకి చేరింది. 2014 వెర్షన్‌లో తీసేశారు, 2015లో మళ్లీ పెట్టారు. ఆ మధ్యకాలమంతా నేను పాత వెర్షన్‌ని వదల్లేదు. గ్రాఫిక్స్ కార్డు సరిపోకపోతే మెనూలో దాని పేరు బూడిదరంగులో పడి ఉంటుంది, నొక్కినా పలకదు. ఫొటో ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల పద్ధతి) కాకుండా సీఎంవైకేలో (ప్రింటు రంగుల పద్ధతి) ఉన్నా అంతే. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు ఫోన్ చేసి "అక్కా, నా దాంట్లో ఆయిల్ పెయింట్ రావట్లేదు" అంటే ముందు ఈ రెండూ చూసుకోమంటాను. సగం మందికి అక్కడే తేలిపోతుంది.

ఇది పనిచేసే తీరు తెలిస్తే స్లైడర్లు వాటంతటవే అర్థమవుతాయి. ఫొటోలో అంచులు, గీతలు ఎటు పోతున్నాయో చూసుకుని, ఆ దారిలోనే రంగును సాగదీస్తుంది. అందుకే దిశ ఉన్నవన్నీ అద్భుతంగా వస్తాయి. చీర కుచ్చిళ్లు, జడ, కృష్ణలో అలలు, అరటి బోదెలు. బుగ్గకి దిశ ఎక్కడుంది? నున్నటి చోట అంచు దొరక్కపోతే, అక్కడున్న నాయిస్‌నే అంచు అనుకుని దాని వెంటపడుతుంది. రాత్రి ముహూర్తం పెళ్లిళ్లలో కెమెరా ఐఎస్ఓ పెంచి తీస్తారు కదా, ఆ ఫొటోల్లో చర్మం మీద సన్నటి చుక్కలు నిండి ఉంటాయి. వాటికి ఈ ఫిల్టర్ వేస్తే పెళ్లికూతురి చెంప మీద వేలిముద్రలాంటి సుడులు తేలతాయి. స్టైలైజేషన్ తగ్గించి, క్లీన్లీనెస్ పెంచి ఎంత కుస్తీ పట్టినా అవి పూర్తిగా పోవు. ముందు నాయిస్ తీసి, తర్వాత ఫిల్టర్ వేయాలి. ఈ చిన్న సంగతి తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇక వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు. "ఇదే ఉందమ్మా, దీంతోనే చేసెయ్" అంటారు. ఫొటోని కుదించినప్పుడు జేపెగ్ దాన్ని 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి దాస్తుంది. బాగా కుదించిన ఫొటోలో ఆ గళ్ల అంచులు కంటికి పెద్దగా ఆనకపోయినా ఫిల్టర్‌కి మాత్రం కనిపిస్తాయి, వాటి వెంట కూడా కుంచె లాగేస్తుంది. పెళ్లికొడుకు తెల్ల పంచె గళ్ల లుంగీ అయిపోతుంది. అసలు ఫైలుని డాక్యుమెంట్‌గా పంపమని అడిగి తీరాల్సిందే. చనువున్నవాళ్లయితే విసుక్కుంటారు, అయినా అడుగుతాను.

సైజు విషయం ఇంకా ముఖ్యం. ఇక్కడ కుంచె మందం పిక్సెళ్ల లెక్కన ఉంటుంది, ఫొటో పెద్దదైతే దానంతటది పెరగదు. 1500 పిక్సెళ్ల ఫొటో మీద వెడల్పుగా వచ్చిన గీత, అవే సెట్టింగులతో 6000 పిక్సెళ్ల ఫొటో మీద వెంట్రుకలా వస్తుంది. స్కేల్ స్లైడర్ 10 దగ్గర ఆగిపోతుంది, అక్కడిదాకా లాగినా కొత్త కెమెరాల ఫైళ్లకి నాకు చాలలేదు. అందుకని ఫొటోని 2000, 2500 పిక్సెళ్లకి తగ్గించి, ఫిల్టర్ వేసి, మళ్లీ పెంచుతాను. మామూలు ఫొటోని ఇలా పెంచితే మసకబారుతుంది. కుంచె గీతలకి ఆ మసక పెద్ద లోపం కాదు, పెంచాక పైన సన్నటి నాలుగు గీతలు చేత్తో వేస్తే చాలు.

షైన్ అనే స్లైడర్ గురించి ఒక్కమాట చెప్పి ముందుకెళ్తాను. లైటింగ్ ఆన్ చేస్తే రంగు గట్టిపడి లేచినట్టు మెరుపొస్తుంది, స్క్రీన్ మీద కస్టమర్లు దానికే పడిపోతారు. కానీ మనం ప్రింటు వేసేది కాన్వాస్ మీద. కాన్వాస్‌కి దాని నేత దానికుంది. దాని మీద ఈ దొంగ మెరుపు పడితే బొమ్మ మీద ప్లాస్టిక్ కవరు చుట్టినట్టు ఉంటుంది. కాన్వాస్ అయితే లైటింగ్ తీసేస్తాను. మ్యాట్ పేపర్ అయితే కొద్దిగా, 0.5 లోపు ఉంచుతాను.

ముఖం దగ్గర మాత్రం ఏ ఫిల్టర్‌నీ నమ్మను. ఇది అనుభవం మీద చెబుతున్న మాట, సెట్టింగులు మార్చితే ఒప్పుకునేది కాదు. ఒకే ఫొటోని మూడు లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు చేస్తాను. అడుగున పెద్ద గీతల లేయర్, అది వెనకాల గోడకి, పందిరికి. దాని మీద సన్న గీతల లేయర్, అది బట్టలకి. పైన ఏ ఫిల్టరూ వేయని ఫొటో. మాస్క్‌తో ఎక్కడ ఏది కనిపించాలో తెరుచుకుంటూ వస్తాను. ముఖానికి ఖాళీ లేయర్ తీసుకుని మిక్సర్ బ్రష్‌తో చేత్తో లాగుతాను. ఈ బ్రష్ 2010లో సీఎస్5తో వచ్చింది, నా లెక్కలో ఈ పనికి ఫొటోషాప్ ఇచ్చిన గొప్ప వస్తువు ఇదే, ఆయిల్ పెయింట్ కాదు. పైనున్న గడుల్లో శాంపుల్ ఆల్ లేయర్స్ టిక్ పెడితే కింద ఫొటోలో రంగుని తీసుకుని పై లేయర్ మీద పూస్తుంది. నుదురు మీద అడ్డంగా, చెంప మీద గుండ్రంగా, ముక్కు మీద పైనుంచి కిందికి. ఎముక ఎటుంటే చెయ్యి అటు. కంటిపాప, పెదవి అంచు, బొట్టు, ఈ మూడింటినీ ఎక్కువ కదపను. ఇవి రవ్వంత జరిగినా మనిషి మారిపోతాడు. ఒక్కో ముఖానికి నలభై నిమిషాలు పడుతుంది. అందుకే గ్రూప్ ఫొటో అంటే రేటు వేరే చెబుతాను. ఒక పెద్దాయన "పదిహేనుమంది ఉన్నాం, హోల్‌సేల్ రేటు లేదా అమ్మా?" అన్నారు.

దీనికి మౌస్ పనికిరాదు, పెన్ ట్యాబ్లెట్ ఉండాలి. పెద్ద ఖరీదుది అక్కర్లేదు, అరచేయంతది చాలు. ఒత్తిడిని బట్టి గీత సన్నమూ లావూ అవ్వాలి, అంతే. పెన్ను మొన అరిగిపోతూ ఉంటుంది, ఒకటి ఎక్కువ కొని పెట్టుకోండి. ఎండాకాలం మధ్యాహ్నాలు చెమట పట్టి చెయ్యి జారదు, అంటుకుంటుంది. మా ఇంట్లో పాత పంచె చింపు ఒకటి దీనికోసమే ఉంది.

ఉచితంగా దొరికేవాటిలో నేను ఎక్కువ వాడేది జి'మిక్. ఫ్రాన్సులో ఒక పరిశోధనశాలలో 2008లో మొదలైన ప్రాజెక్టు, గింప్‌లోనూ క్రిటాలోనూ పనిచేస్తుంది. వందల ఫిల్టర్లున్నాయి, తొంభై శాతం నాకు అక్కర్లేదు. కువహర ఒక్కటి చాలు. దాని కథ నాకు భలే ఇష్టం. 1976లో జపాన్‌లో గుండె స్కాన్ చిత్రాలను శుభ్రం చేయడానికి పుట్టిన పద్ధతి అది. ప్రతి పిక్సెల్ చుట్టూ నాలుగు గడులు తీసుకుని, వాటిలో తేడాలు తక్కువగా ఉన్న గడి ఏదో చూసి, దాని సగటు రంగుని ఆ పిక్సెల్‌కి ఇస్తుంది. అంచుకి అటున్నది అటే, ఇటున్నది ఇటే ఉండిపోతుంది. గుండె గోడలు చెదరకుండా చుక్కలు పోవాలని చేసిన లెక్క, మన చేతిలో పడి నీటిరంగుల బొమ్మలు వేస్తోంది. తలంబ్రాల్ని ఆయిల్ పెయింట్ గీతలుగా సాగదీసి చెరిపితే, ఇది మారు మాట లేకుండా మింగేస్తుంది. అందులో అనుమానం లేదు. కానీ చర్మానికి ఇది చాలా మెత్తగా ఉంటుంది, సుడులు రావు. చిన్న విలువతో ఒకసారి వేసి, ఆ పైన చేత్తో పని మొదలుపెడితే సగం శ్రమ తగ్గుతుంది. బ్రషిఫై అని ఇంకోటుంది, నిజంగా కుంచె ముద్రలు ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతుంది. పెద్ద ఫొటో మీద దాన్ని నొక్కి, నేను టీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగి వచ్చేసరికి ఇంకా వేస్తూనే ఉంటుంది. నా సిస్టమ్ పాతది లెండి.

గింప్ చాలాకాలం నాకు సవతితల్లిలా అనిపించింది, ఒకసారి ఫిల్టర్ వేస్తే వెనక్కి తీసుకుని విలువ మార్చుకునే దారి ఉండేది కాదు. 2025 మార్చిలో వచ్చిన 3.0లో చాలా ఫిల్టర్లకి ఆ సౌకర్యం ఇచ్చారు. ఫొటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకుని ఇదే పని ఎప్పటినుంచో చేస్తున్నాం. క్రిటా మాత్రం బొమ్మలు వేసేవాళ్ల కోసం తీర్చిదిద్దినది. దాని స్మడ్జ్ బ్రష్‌లు వేలితో రంగు పూసినట్టే ఉంటాయి. మా తమ్ముడి కూతురు ఇంటర్ చదువుతోంది, దానికి క్రిటా వేసిచ్చాను, రెండు వారాల్లో నాకంటే బాగా జుట్టు వేస్తోంది.

ఫోన్ యాప్‌ల సంగతి. 2015లో జర్మనీ పరిశోధకులు ఒక చిత్రకారుడి శైలిని న్యూరల్ నెట్‌వర్క్‌తో ఇంకో ఫొటో మీదికి దించవచ్చని చూపించారు, మరుసటి ఏడాదే ప్రిస్మా యాప్ వచ్చింది. అప్పుడు కృష్ణా పుష్కరాల ఫొటోలు కూడా జనం అలా మార్చుకుని పంపుకున్నారు. సరదాకి బాగానే ఉంటుంది. ఇప్పటి ఏఐ యాప్‌లు అంతటితో ఆగట్లేదు, లేనిదాన్ని కల్పించి పెడుతున్నాయి. అక్కడే నాకు భయం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. బీరువాల అడుగు అరల్లో ఉన్న ఆల్బమ్‌లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. తర్వాత కొన్ని నెలలు నాకొచ్చిన పనిలో ఎక్కువ అదే. ఒకాయన ప్లాస్టిక్ కవర్లో ఒక ఫొటో తెచ్చారు. పక్క పేజీకి అంటుకుని ఊడిపోవడంతో వాళ్ల నాన్నగారి ముఖం ఎడమ సగం లేదు. "ఇదొక్కటే మిగిలిందండీ" అన్నారు. త్వరగా ఇద్దామని ఒక యాప్‌లో పెట్టాను. ముఖం నిండుగా, నున్నగా, పదేళ్లు చిన్నగా వచ్చింది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి మెల్లగా చెప్పారు. "చాలా బాగుంది మేడమ్. కానీ ఈయన మా నాన్న కాదండీ. ఆయనకి ఎడమ కన్ను కాస్త చిన్నది."

యాప్‌కి ఆ కన్ను సంగతి తెలిసే దారి లేదు. నాకూ తెలియదు. ఆయన చెప్పినంత మాత్రాన నేను గీస్తే, అది నేను ఊహించిన కన్ను అవుతుంది తప్ప ఆయన చూసిన కన్ను కాదు. నాలుగు రోజులు దాన్ని పక్కన పెట్టాను. చివరికి ఉన్న కుడి సగాన్ని శ్రద్ధగా వేసి, లేని ఎడమ సగాన్ని నీడలో వదిలేశాను. ముదురు గోధుమరంగులో వెడల్పాటి గీతలు, చెంప ఎముక దగ్గర చిన్న వెలుగు, అంతే. ఫొటోకి సగం ముఖం లేకపోతే పాడైపోయినట్టు. పెయింటింగ్‌లో సగం ముఖం చీకట్లో ఉంటే ఎవరూ అడగరు. ఆయన వచ్చి చూసి, "సాయంత్రాలు కరెంటు పోయినప్పుడు అరుగు మీద ఇలాగే కూర్చునేవారు" అన్నారు. ఈ పనికి పెయింటింగ్ తీరు ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను చెప్పే ఉదాహరణ ఇదే. మామూలు రీటచింగ్‌లో నాకు ఈ దారి లేదు.

ఏ ఫొటో ఇందుకు పనికొస్తుందో ముందే తెలుసుకోవచ్చు. కళ్లు చికిలించి చూడండి. చీకటి, వెలుగు రెండు మూడు పెద్ద ముద్దలుగా విడివడి కనిపిస్తే మంచి బొమ్మ అవుతుంది. అన్నీ ఒకే బూడిదలో కలిసిపోతే ఎంత ఫిల్టర్ వేసినా బురదే. వీడియో లైటు ఎదురుగా పెట్టి తీసిన స్టేజి ఫొటోలన్నీ ఈ రెండో రకం. తెల్లవారుజామున సీతానగరం వైపు నుంచి తీసిన బ్యారేజీ ఫొటో మొదటి రకం. వరసగా స్తంభాలు, కింద నీళ్లలో వాటి నీడలు, పైన ఖాళీ ఆకాశం. దానికి నేను చేయాల్సింది పెద్దగా ఉండదు. కొండపల్లి బొమ్మల ఫొటోకి ఒకాయన పెయింటింగ్ ఎఫెక్ట్ అడిగారు. గంటసేపు అన్నీ వేసి చూశాను, ఏ తేడా రాలేదు. తెల్లపొణికి చెక్క మీద రంగు వేసినవాళ్లు ఆ పని ఎప్పుడో చేసేశారు. డబ్బులు తీసుకోలేదు.

ప్రింటు దగ్గర తిన్న దెబ్బలు రెండు చెబుతాను. గుంటూరు మిర్చియార్డులో వ్యాపారం చేసే ఒకాయన తన ఆఫీసు గోడకి మిరపకాయల రాశి బొమ్మ చేయించుకున్నారు. 24 అంగుళాలకి 36 కాన్వాస్. మిరపకాయకి దిశ ఉంది కదా, ఒక్కో కాయా ఒక్కో కుంచె గీతలా వచ్చింది, స్క్రీన్ మీద మంట మండింది. ప్రింటు వచ్చాక ఆయన చూసి, "ఇది నిరుటి సరుకులా ఉందేంటమ్మా?" అన్నారు. నిజమే, ఎరుపు చచ్చిపోయి ఇటుకరంగుకి దిగింది. స్క్రీన్ చూపించే కొన్ని ఎరుపులు ప్రింటర్ ఇంకుల్లో లేవు. ఫొటోషాప్‌లో కంట్రోల్ వై నొక్కి ప్రూఫ్ కలర్స్ చూసుంటే ముందే తెలిసేది. రెండోసారి ఎరుపుని ముట్టుకోలేదు. చుట్టూ ఉన్న గోనెసంచుల్నీ నీడల్నీ ముదురు చేశాను, మధ్యలో ఎరుపు దానంతటదే లేచింది. ఆ సైజు కాన్వాస్‌కి అంగుళానికి 150 పిక్సెళ్లు చాలు, అంటే 3600కి 5400. అదే ఫైలు 12కి 18 ఫొటో పేపర్ మీద 300 వస్తుంది. కాబట్టి ప్రతి పనీ ఈ కొలతలోనే చేసిపెడతాను.

రెండోది ఫ్రేము దెబ్బ. కాన్వాస్‌ని చెక్క చట్రానికి చుట్టి బిగిస్తే నాలుగు పక్కలా అంగుళంన్నర, రెండంగుళాలు వెనక్కి పోతుంది. ఒక షష్టిపూర్తి బొమ్మలో అత్తయ్యగారి చెయ్యి అంచుకి ఉంది, అది కాస్తా ఫ్రేము పక్కకి మడత పడింది. ఆమెకి కోపం రాలేదు, "నా గాజులు పక్కనుంచి చూస్తే కనిపిస్తాయిలే" అన్నారు. అప్పటినుంచి అంచు చుట్టూ రెండంగుళాలు ఎక్కువ గీస్తున్నాను.

మొత్తం మీద ఎవరికి ఏది? డబ్బు పెట్టకుండా నేర్చుకోవాలంటే క్రిటా, జి'మిక్‌తో మొదలుపెట్టండి, వాటితో చేసిన ఫ్రేములు నేను కస్టమర్లకి ఇచ్చాను, ఎవరూ తేడా పట్టలేదు. రోజూ పదిహేను ఫైళ్లు తిప్పే ఆల్బమ్ పనివాళ్లకి ఫొటోషాప్ నెలవారీ ఖర్చు తప్పదు. ట్యాబ్లెట్, కొత్త గ్రాఫిక్స్ కార్డు రెండూ కొనేంత డబ్బులు లేకపోతే ముందు ట్యాబ్లెట్టే కొనండి.

ఆ సత్యనారాయణపురం ఫొటో మళ్లీ చేసిచ్చాను. అసలు ఫొటోలో గింజలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకుంటూ, చిన్న బ్రష్‌తో పసుపు కలిసిన తెలుపులో ఒక్కొక్కటే వేశాను. రెండు గంటలు పట్టింది. ఇప్పటి పెళ్లిళ్లలో బియ్యంతో పాటు రంగురంగుల థర్మోకోల్ గుళ్లు కూడా పోస్తున్నారు. అవి లావుగా ఉంటాయి కాబట్టి ఫిల్టర్ వాటి జోలికి పోదు. బియ్యం మాత్రం ఇప్పటికీ నేనే వేసుకుంటాను.